మామ ఎల్లో అన్నడు

రెడ్డును చూసి ఎల్లో అన్నోడు ఎవడన్న ఉంటడా అని మీరు నవ్వొచ్చు. ఉన్నడు. నాచారంల హెచ్‌ఎంటీ నగర్ ఎనుక గల్లీల ఉంటడు, పేరు బెంజమిన్. గుడ్డోడు గాడు, తాగుబోతు గాడు, బుద్ధి లేనోడు అంతకన్న గాడు. గూడ్సు బండి ఇంజన్ల అసిస్టెంటు. పరీక్ష చేసిన కండ్ల డాక్టరే శభాష్ అన్న కండ్లు వానివి. ఆ కండ్లతోనే ఎర్రదీపాన్ని సక్కగ చూసిండు, నోటితోని మాత్రం ఎల్లో అన్నడు. ఎందుకన్నడు అంటరా? మామ ఎల్లో అన్నడు గనక. గంతే! గింత ముచ్చటకు ఒక మనిషి పానం మీదికొచ్చింది. ఆ మనిషి రైల్లున్నోళ్లు ఎవ్వరు గాదు, ఇంట్ల మంచం మీదున్న సువార్తమ్మ.

మామ అంటే పౌలు. బెంజమిన్‌కు సొంత మేనమామ. తల్లీదండ్రీ ఇద్దరూ చిన్నప్పుడే పోతే పౌలు, ఆయన భార్య సువార్తమ్మ వాన్ని తెచ్చుకుని పెంచుకున్నరు. వాళ్లకు పిల్లల్లేరు. జనగామ దిక్కు పల్లె నుంచి వచ్చి, రైల్వేల కలాసీగ మొదలువెట్టి, డ్రైవర్ దాక ఎక్కిన మనిషి పౌలు. అల్లున్ని పక్కన కూసోవెట్టుకుని లెక్కలు నేర్పిండు, పరీక్ష రాపిచ్చిండు, వానికి గూడ రైల్వేలనే నౌకరి వచ్చేదాక నిద్రపోలే. ఆ తర్వాత డ్యూటీలు ఏసే సారును బతిమాలి అల్లున్ని తన ఇంజన్లనే ఏయిచ్చుకున్నడు. "నా పోరడు బయటోని పక్కన కూసుంటే నాకు మనసున వట్టది" అన్నడు. ప్రేమనే. కాదన్నదెవరు? కని ప్రేమతోని గూడ కొంప మునుగుతది, జర ఆగి వినుండ్రి.

సువార్తమ్మకు రెండు కిడ్నీలు పనిచేస్తలేవు. రోజు తప్పిచ్చి రోజు రైల్వే దవాఖానకు పోయి మిషన్ మీద రక్తం కడిగిచ్చుకోవాలె. లేకపోతే ఒళ్లంత ఉబ్బుతది, ఊపిరాడది. ఆమె మాత్రం నవ్వులాట ఇడువది. "నా రక్తం బట్టలోలె ఉతుకుతున్నరు బిడ్డా, ఇయ్యాల సర్ఫు తక్కువేసిన్రు, మురికే పోలే" అంటది. ఆ ఉతుకుడంతా పౌలు నౌకరి మీద నడుస్తుంది. నౌకరి ఉంటేనే రైల్వే కార్డు, కార్డు ఉంటేనే మిషన్. డ్రైవరోళ్లకు, పేదోళ్లకు వైద్యం ఇప్పిచ్చే తెల్లకార్డు యాడిది? సర్కారు దవాఖానల లైన్ల నిలవడితే నంబరొచ్చేదాక మనిషి ఆగద్దా? ఇంట్ల ముగ్గురికీ ఈ సంగతి ఎరుకే. ఎవ్వరు బయటికి అనరు.

ఇగ ఇంజన్ల పద్ధతి చెప్త. సిగ్నల్ కండ్లవడంగనే డ్రైవర్, అసిస్టెంటు ఇద్దరూ చెయ్యి లేపి, ఎవరికి వాళ్లు చూసి, రంగు పేరు గట్టిగ అనాలె. ఒకడు పొరపడితే ఇంకొకడు పట్టుకుంటడని రూలు పెట్టిన్రు. రెండు కండ్లు సాలవని నాలుగు కండ్లు పెట్టిన్రు. మంచి రూలే. కని మామ అల్లుళ్ల ఇంజన్ల ఏమైతుండెనంటే, మామ ముందు అంటుండె, అల్లుడు ఎనుక అంటుండె. మామ "గ్రీన్" అంటే అల్లుడు "గ్రీన్". మామ "డబుల్ ఎల్లో" అంటే అల్లుడు "డబుల్ ఎల్లో". నాచారం చర్చిల పౌలు సంఘపెద్ద. ఆదివారం ముంగట నిలవడి ఆయన ఒక మాట అంటే సంఘమంతా ఎనుక అదే మాట అంటది. బెంజమిన్ లాగు తొడిగిన్నాటి నుంచి గట్లనే అన్నడు. గా నోరు ఇంజన్ ఎక్కంగనే కొత్తగ ఎట్ల మారుతది? పెద్దల మాట సద్ది మూట అంటరు. నిజమే, సద్ది మూటనే. కని ఎన్నడన్న ఒకనాడు ఆ సద్ది పాసిపోతే, పాసిపోయిందని ఒకడన్న నోరు తెర్వాలె గద!

అట్లని ఇంజన్ల నోరున్నది ఇంకొకటుండె. మల్లాపూర్‌ల ఒక చిన్న కంపెనీ తయారు చేసిన డబ్బా. పరీక్ష కోసం కొన్ని ఇంజన్లకు బిగిచ్చిన్రు. ముంగట రెడ్ ఉండి డ్రైవర్ బ్రేకు ఎయ్యకపోతే, అది గంట కొట్టి తనంతట తనే బ్రేకు ఏస్తది. తేజేష్ అని కోస్తా దిక్కు ఇంజనీరు పిలగాడు, బోడుప్పల్‌ల కొత్త అపార్ట్‌మెంట్ల ఉంటడు, వాడు వచ్చి బిగిచ్చిపోయిండు. "అంకుల్, ఇక మీరు నిద్రపోయినా ఇది నిద్రపోదు" అని నవ్విండు. మంచిగనే అన్నడు. కని మొదటి నెలల ఆ డబ్బా గ్రీన్ ఉన్నప్పుడు గూడ మూడుసార్లు బండిని నడిమిట్ల ఆపింది. ఎనుక బండ్లన్నీ నిలవడె. "ఎందుకాగినవ్? ఎవరు ఆపమన్నరు?" అని పైవాళ్లు పౌలునే తిట్టిరి, సంజాయిషీ కాయితం గూడ ఇచ్చిరి. ఊకె పులి పులి అని మొత్తుకునేటోని మాట ఎవడింటడు? డ్రైవర్లందరు ఒక ఉపాయం జేసిన్రు. డబ్బా నుంచి బ్రేకుకు పోయే పైపుకు ఒక పిడి ఉంటది, అది మలిపి పెడితే డబ్బా గంట కొట్టుకుంటది గని బండిని ఆపలేదు. బండి ఎక్కంగనే ఆ పిడి మలుపుడు అసిస్టెంటు పని. బెంజమిన్ గూడ మలుపుతుండె. ఎవ్వరు రాసిపెట్టలే, ఎవ్వరు వద్దనలే, గట్ల నడుస్తుండె.

తెలంగాణ ఇస్తమని ఢిల్లీల చెప్పిన వానకాలం అది. ఒక రాత్రి సువార్తమ్మకు సూది గుచ్చే చెయ్యి సొరకాయ బుర్రోలె వాచింది. పౌలు తెల్లార్లు ఆ చెయ్యి ఒళ్లె పెట్టుకుని కూసున్నడు. సెలవు పెట్టు మామా అంటే, "సెలవులన్నీ దవాఖాన కాడనే అయిపాయె, పోదాం పా" అన్నడు. పొద్దుగాల ఇద్దరూ డ్యూటీకి పోయిన్రు. ఖాళీ గూడ్సు బండి, కాజీపేట లైను. ముసురు పట్టింది. ఒక చిన్న స్టేషన్ వచ్చింది, పేరెందుకులెండి. ఆ స్టేషన్ ముందల సిగ్నల్ ఎప్పుడొచ్చినా ఎల్లోనే ఉంటది. జర మెల్లగ పో అని చెప్పే ఎల్లో.

ఆ పొద్దు రెడ్ ఉండె. బెంజమిన్ చూసిండు. ముసుర్ల గూడ ఎర్రగ, గుండ్రంగ, నిమ్మలంగ ఉండె. వాని నోరు తెరుసుకోబోయింది. గంతల మామ చెయ్యి లేపి "ఎల్లో" అన్నడు.

నిమిషం గూడ గాదు, రెప్పపాటు. గా రెప్పపాట్ల వాని మనసుల ఏం తిరిగిందో చెప్త. నా కండ్లే తప్పేమో అనుకున్నడు. అద్దం మీద వాన నీళ్లున్నయ్ గద అనుకున్నడు. మామకు ముప్పై ఏండ్ల సర్వీసు, నాది నిన్నగాక మొన్నటిది అనుకున్నడు. ఇంకొకసారి చూద్దామనుకున్నడు గని, మామ మాట అయినంక మళ్లా చూసుడంటే మామను నమ్మనట్టే గద అనిపిచ్చింది. చెయ్యి లేపి "ఎల్లో" అన్నడు. డబ్బా గంట కొట్టుడు షురువు చేసింది. "దాని నోరు మూయి బిడ్డా" అన్నడు మామ. వాడు బటన్ ఒత్తిండు, గంట ఆగిపోయింది. ఆ డబ్బాకు మామ లేడు, అత్త లేదు, ఎవ్వరి ముంగట తలొంచుకునే పని లేదు, ఉన్నదున్నట్టు చెప్పింది. చెప్పినదాని గొంతు పిసికిన్రు.

మలుపు తిరిగినంక అదే లైను మీద ప్యాసింజర్ నిలవడి ఉంది. ఆఖరు పెట్టె ఎనుక ఉండే పెద్ద ఎక్స్ గుర్తు కనవడ్డది. పౌలు "ఏసయ్యా!" అని అరిసి ఉన్న బ్రేకులన్నీ ఏసిండు. చక్రాలు అరుస్తున్నయ్, ఇంజన్ జారుతుంది, ఎక్స్ గుర్తు మీదికొస్తుంది. బెంజమిన్ కండ్లు మూసుకోలేదు. మూసుకుంటే బాగుండు. బండి ఆగేసరికి, ఎడ్లబండి నిలవడేటంత జాగ మిగిలింది నడిమిట్ల. ఆ ఆఖరు పెట్టె తలుపు కాడ ఒక ముసలామె కాళ్లు కిందికి యాలాడేసి మక్కజొన్న కంకి తింటుంది. ఇంజన్ దిక్కు ఒక్కసారి చూసింది, మళ్లా కంకి తిన్నది. చావు ఎంత దగ్గరికొచ్చి పోయిందో ఆమెకు తెల్వదు. మామ అల్లుళ్లు ఒకరి మొఖం ఒకరు చూసుకోలే.

ఎవ్వరికి గీత గూడ వడలే. అయినా రెడ్ దాటుడంటే రైల్వేల హత్య చేసినట్టే. ఆడికాడనే ఇద్దరినీ ఇంజన్ దింపిన్రు, మూతి వాసన చూసిన్రు, రక్తం తీసిన్రు, డ్యూటీ బంద్ వెట్టి ఇంటికి తోలిన్రు. విచారణ పెట్టినం, పిలిచిన్నాడు రండ్రి అన్నరు. రెడ్ దాటిన డ్రైవర్‌ను నౌకరిల ఉంచరు. చిన్నపిల్లగాన్ని అడిగినా చెప్తడు రైల్వే కాలనీల.

ఇంటికొస్తే సువార్తమ్మ మంచం మీద నుంచే, "ఏంది, పొద్దుగూకకముందే వచ్చిన్రు, ఇంజనుకు గూడ జ్వరం వచ్చిందా?" అన్నది. పౌలు నిజం చెప్పిండు. "రెడ్ దాటిన సువార్తా." ఆమె నవ్వు ఆగిపోయింది. కొంచెంసేపు వాచిన చెయ్యి చూసుకుంది. "ఎవలకన్న తగిలిందా?" అన్నది. లేదన్నడు. "అయితే దేవునికి స్తోత్రం" అని అటు తిరిగి పండుకుంది. బెంజమిన్‌కు ఆమె వీపు కనపడుతుంది. భుజాలు కదులుతున్నయ్, ఏడుస్తుందని తెల్సింది. ఆ వీపు మీదెక్కే పెరిగిండు వాడు. ఏం జేసన్న ఈమెను బతికిచ్చుకోవాలె, ఇంకేం వద్దు అనుకున్నడు. వానికి అత్త అంటే అంత పానం.

యూనియన్ల తిరిగే రాజయ్య, నాచారం చౌరస్తా హోటల్ కాడ బెంజమిన్‌ను పట్టుకున్నడు. చాయ్ చెప్పి, గొంతు తగ్గిచ్చి, "సూడు తమ్మీ, ఒక్కటే దారుంది. సిగ్నల్ ఎల్లోనే ఉండె, మేం మీదికి రాంగనే రెడ్‌కు పడ్డది అనుండ్రి. గట్ల పడుడు ఉంటది, పాత సిగ్నల్లల్ల మస్తుసార్లు అయింది. ఆ స్టేషన్ల రికార్డు రాసే మిషన్ నెలల నుంచి ఖరాబే ఉంది. ఇద్దరూ ఒక్కటే మాట మీద ఉంటే మీ మామ బయటవడ్తడు" అన్నడు.

"మరి తప్పు ఎవల మీదికి పోతది అన్నా?"

"సిగ్నల్ చూసుకునే పోశయ్య మీదికి. వాడు ఎట్లనో పడ్తడు తియ్. మీ అత్త సంగతి సూడు ముందు."

పోశయ్య ఎవరో బెంజమిన్‌కు ఎరుకే. ఉప్పల్ దిక్కు చిలుకానగర్‌ల ఉంటడు. వానల సైకిల్ మీద తిరిగి సిగ్నల్ దీపాలు చూసుకునే మనిషి. పాపం తగుల్తదని తెల్సు. తెల్సిగూడ బెంజమిన్ మనసుల అదే మాట కుదురుకుంది. ఎందుకంటే ఇంటికి పోతే అత్త దగ్గు ఇనపడుతుంది.

మామతోని చెప్పాలె గద? ఇద్దరూ ఒక్క మాట మీద ఉంటేనే పని అయితదని రాజయ్య చెప్పనే చెప్పె. కని ఎట్ల చెప్తడు? మామ సంఘపెద్ద. అబద్ధమాడు మామా అని మామతోని అనే నోరు వానికి యాడిది? చెప్తే వద్దంటడు, వద్దన్నంక తను అనలేడు. అందుకని, మామను గూడ అడుగుతరు గద, సిగ్నల్ ఏముండె అంటే ఎల్లో అని తనంతట తనే అంటడు, ఎల్లో అనుకున్నడు గనకనే గద అన్నడు అని తనకు తనే సర్ది చెప్పుకున్నడు. అటు పౌలు గూడ వారమంతా మాట్లాడలే. చాపేసుకుని బైబిలు ముంగట పెట్టుకుని కూసుంటుండె, పేజి మలుపుడు మాత్రం లేదు. ఒక్క ఇంట్ల ముగ్గురు, మూడు గోడలోలె ఉన్నరు.

విచారణ నాటి పొద్దున చెప్పులేసుకుంటూ పౌలు ఒకే ఒక్క మాటన్నడు. "నాకోసం ఫికర్ జెయ్యకు బిడ్డా. నిన్ను ఏమడిగితే దానికి జవాబు చెప్పు, బయటికి రా. మిగతాది నేను సూసుకుంట."

మామ నన్ను చెయ్యమని నోటితోని అనలేడు గనక గిట్లంటుండు అనుకున్నడు బెంజమిన్. గంత తెలివి వానికి ఆ పొద్దే రావాల్నా?

ఆఫీసు వరండాల ఒక బెంచీ ఉంది. మామ ఒక కొసకు, అల్లుడు ఒక కొసకు కూసున్నరు. నడిమిట్ల పోశయ్య. సిగ్నల్ సంగతి గనక వాన్ని గూడ పిలిచిన్రు. పోశయ్య సంచిల నుంచి ఉడకవెట్టిన పల్లీలు తీసి బెంజమిన్ చేతుల పోసిండు. "తిను తమ్మీ, ఉపాసమొచ్చినట్టున్నవ్. ఏం గాదు, మనుషులు బతికిన్రు, అదే సాలు" అన్నడు. బెంజమిన్ ఆ పల్లీలు గుప్పిట్ల పట్టుకున్నడు. ఒక్కటి గూడ నోట్ల ఏసుకోలేకపోయిండు. సిగ్గుతోని సచ్చిపోతున్నడు.

చిన్నోన్నే ముందు పిలిచిన్రు. లోపల విచారణ చేసే ఆఫీసరు రామ్మోహనరావు, కోస్తా మనిషి, కళ్లద్దాలు నుదుటికెక్కిచ్చుకుని కూసున్నడు. పక్కన తేజేష్. డబ్బా సంగతి చెప్పనీకి పిలిచిన్రట.

"చెప్పవయ్యా. సిగ్నల్ ఏ రంగుంది?" అన్నడు ఆఫీసరు.

"ఎల్లో ఉండె సార్. మేం మీదికి రాంగనే రెడ్‌కు పడ్డది."

"నువ్వు నీ కళ్లతో చూశావా?"

"సూసిన సార్."

"మీ డ్రైవరూ అదే చూశాడా?"

"ఆయన గూడ అదే సూసిండు సార్."

గొంతు వణకలే. వానికే ఆశ్చర్యమైంది. మామ కన్న ముందు వాడు ఎన్నడన్న నోరు తెరిసిండంటే ఆ పొద్దే, తెరిసింది అబద్ధానికే. ఆఫీసరు రాసుకున్నడు, సంతకం పెట్టమన్నడు, పెట్టిండు. బయటికొచ్చి పోశయ్య మొఖం చూడకుండ పోయి మెట్ల కాడ నిలవడ్డడు. అత్తా, నిన్ను బతికిచ్చుకున్ననే అని మనసులనే అనుకున్నడు. ఏడుపొచ్చింది, ఆపుకున్నడు.

తర్వాత పోశయ్యను పిలిచిన్రు. పది మాటలు గూడ అయినయో లేవో, బయటికొచ్చిండు, మొఖం బూడిద పూసినట్టున్నది. "సిగ్నల్ రెడ్‌కు పడ్డదంట తమ్మీ? నేను పొద్దుగాలనే సూసిన గద? నీళ్లు వోయినయా ఏంది దాంట్ల?" అని తననే తాను అడుగుతున్నడు. అది అబద్ధమన్న అనుమానం గూడ రాలే ఆ మనిషికి. తన పనిలనే తప్పు ఎతుక్కుంటున్నడు. బెంజమిన్ గోడ దిక్కు తిరిగిండు.

ఆఖరుకు పౌలు పోయిండు. శానసేపు పట్టింది. ఆ తర్వాత తేజేష్ తలుపు తీసి, "బెంజమిన్ గారూ, మీరూ రండి" అన్నడు. వాని మొఖం గూడ బాగలేదు.

లోపల మామ నిలవడే ఉన్నడు, కుర్చీ ఇచ్చినట్టున్నరు గని కూసోలేదు. ఆఫీసరు బల్ల మీద రెండు కాయితాలు పక్కపక్కన పెట్టి, కళ్లద్దాలు దించుకున్నడు.

"పౌలూ, నీ అల్లుడు ఏం చెప్పాడో తెలుసా? సిగ్నల్ పసుపు ఉందట, మీదికొచ్చాక ఎరుపుకి పడిందట. బెంజమిన్, నీ మామ ఏం చెప్పాడో తెలుసా? సిగ్నల్ ఎరుపే ఉందట. నువ్వు రెడ్ రెడ్ అని అరిచావట. తనే వినలేదట. తప్పంతా తనదేనట, కుర్రాడి తప్పు లేదట."

బెంజమిన్ మామ దిక్కు చూసిండు. మామ అల్లుని దిక్కు చూసిండు. ఇంజన్ దిగిన్నాటి నుంచి ఇద్దరూ ఒకరి కండ్లలకు ఒకరు చూసుకునుడు అదే మొదటిసారి.

"మీ ఇంజన్‌లో డబ్బా ఇంకా పరీక్షలోనే ఉంది," అన్నడు ఆఫీసరు. "దాని బ్రేకు మీరు కట్టేసినా, అది చూసింది మాత్రం దాచిపెట్టుకుంది. ఎరుపే అంటోంది. అయినా ఇంతకుముందు మూడుసార్లు తప్పు చెప్పిన యంత్రం అది. మీరిద్దరూ గట్టిగా ఒక్క మాట అనుంటే, యంత్రాన్ని నమ్మాలా మిమ్మల్ని నమ్మాలా అని నేను ఆలోచించాల్సి వచ్చేది. ఇప్పుడు ఆలోచించడానికేముంది? ఒకడు అబద్ధం చెప్పి సిగ్నల్ మనిషిని ముంచబోయాడు. ఇంకొకడు..." ఆగిండు. పౌలు మొఖం చూసి గొంతు తగ్గిచ్చిండు. "ఏమయ్యా, ఇంటి దగ్గర ఒక్కసారైనా మాట్లాడుకోలేదా మీరు?"

ఇద్దరి నౌకరీలు పోతయని ఆయన నోటితోని అనాల్సిన పని గూడ లేకపోయింది. కాయితాలు ఇంటికొస్తయ్ పొండి అన్నడు. తేజేష్ తలుపు దాక వచ్చి, "సారీ అంకుల్. మా బాక్సు మొదట్లో అన్ని తప్పులు చెయ్యకపోతే మీరు కట్టేసేవాళ్లు కాదు" అన్నడు. పౌలు వాని భుజం తట్టి, "నీ డబ్బా మంచిదే బిడ్డా. మేమే మంచిగ లేకపోతిమి" అన్నడు. పోశయ్య కాడికి పోయి చేతులు పట్టుకుని, "నీ సిగ్నల్ మంచిగనే ఉండె తమ్మీ, ఇంటికి పో" అన్నడు. పోశయ్యకు ఏం సమజ్ కాలే గని, మొఖంల కళ తిరిగొచ్చింది.

ఇద్దరూ బస్సెక్కిన్రు. ఉప్పల్ రింగ్ రోడ్డు కాడ దిగిన్రు, ఆడికెళ్లి నాచారంకు ఇంకొక బస్సు ఎక్కాలె. మెట్రో కోసం రోడ్డంతా తవ్విపెట్టిన్రు, గుంతల సుట్టు రేకులు నిలవెట్టిన్రు. రేకుల పక్కన పౌలు ఆగిండు.

"ఎందుకన్నవ్‌రా గట్ల? పోశయ్య మీదికి నూకి?"

"అత్త కోసం మామా. నీ నౌకరి పోతే అత్త బతుకదు." అన్నడు బెంజమిన్. "మరి నువ్వెందుకన్నవ్? నేను అరిసిన్నని ఎందుకు చెప్పినవ్?"

"నాది ఎట్లన్న పోతది. నీదన్న మిగిలితే, నీ జీతం మీదన్న దాన్ని బతికిచ్చుకుందమనుకున్న. ఒక్కమాట నాతోని అనకపోతివి బిడ్డా!"

"నువ్వు నాతోని అంటివా మామా?"

పౌలు తల అడ్డంగ ఊపిండు. రేకు మీద చెయ్యి ఆనిచ్చి నిలవడ్డడు. "ఎన్నడు అబద్ధమాడనోన్ని. రెడ్ అని నువ్వు అరిసినవని చెప్పిన. నువ్వు గూడ నాలెక్కనే చూస్తివి, పాపం, ముసుర్ల నీకు మాత్రం ఏం కండ్లవడ్తది? అయినా అరిసినవని చెప్పిన. ఏసయ్య నన్ను మన్నిస్తడో లేదో."

బెంజమిన్‌కు ఇగ పట్టలేదు. వారం నుంచి దాసుకున్నది బయటికొచ్చింది. "మామా, నాకు కండ్లవడ్డది."

"ఏంది?"

"రెడ్. నువ్వు అనకముందే సూసిన. ఎర్రగ ఉండె."

రోడ్డు మీద లారీ హారన్ కొట్టుకుంట పోయింది. పౌలు అల్లున్ని ఎన్నడు చూడనట్టు చూసిండు. "సూసినవా? మరి నోరెందుకు లేవలే బిడ్డా?"

"నువ్వు ఎల్లో అన్నవ్ గద మామా."

కొడతడేమో అనుకున్నడు బెంజమిన్. కొడితే బాగుండనుకున్నడు. పౌలు కొట్టలే. ఆ మట్టిల, రేకు కింద, ఉన్నకాడనే కూలవడ్డడు.

"నేను సూడనేలేదురా," అన్నడు. "రాత్రంతా అత్త చెయ్యి ఒళ్లె పెట్టుకుని కూసుంటి గద, నా కండ్ల ముంగట ఆ చెయ్యే ఉండె. ఆడ ఎప్పుడూ ఎల్లోనే ఉంటదని నోటికొచ్చింది అన్న. నువ్వు గూడ ఎల్లో అన్నవ్. నా పోరని కండ్లు మంచియి, వాడన్నడంటే ఎల్లోనే అనుకున్న బిడ్డా. నిన్ను నమ్మిన నేను."

బెంజమిన్ మామ పక్కనే మట్టిల కూలవడి, చిన్నప్పటోలె వెక్కివెక్కి ఏడ్చిండు. పోయేటోళ్లు తాగిన్రేమో అని చూసుకుంట పోతున్నరు.

పౌలు జేబుల ఫోను మోగింది. సువార్తమ్మ. ఆ పొద్దు దవాఖాన రోజు. ఆటో ఆయన వచ్చి గేటు కాడ నిలవడి ఉంటడు, ఆమె సంచి పట్టుకుని మెట్ల మీద కూసుని ఉంటది. ఫోను మోగుతనే ఉంది. పౌలు దాన్ని తీసి అల్లుని చేతుల పెట్టిండు.

"నువ్వే చెప్పు బిడ్డా. నాకు నోరొస్తలేదు."

బెంజమిన్ బటన్ ఒత్తిండు. "హలో, ఏమాయె బిడ్డా? మామ నౌకరి ఉన్నదా?" అన్నది సువార్తమ్మ. ఏం జెప్పాల్నో అని వాడు మామ మొఖం దిక్కు చూసిండు. మామ తల ఎత్తలే.